పూలజడ వెనక అద్దం

గీకేయి కన్నుసామీ. ఆ చిన్న కత్తి తీసుకో, నెగటివ్ మీదనించి నన్ను గీకేయి. ఊరందరి మొటిమలు పెన్సిలుతో మాపుతావు, మెల్లకన్నులు సరిచేస్తావు, సొంత అక్కను ఒకదాన్ని చెరపలేవా?

నవ్వకు. తోడబుట్టినవాడివని ఊరుకుంటున్నాను. లేకుంటే నీ చెవి ఇప్పటికీ నా చేతికి అందుతుంది, తెలుసుకో.

ఫోటో ఇటు తిప్పు. ఇది ముత్తులక్ష్మి. పావాడ, దావణి, మెడలో వాళ్ళ అమ్మ గొలుసు. బాగున్నది. పిల్ల వెనక నిలువుటద్దం, పూలజడ కనబడాలని నువ్వు పెట్టింది. అద్దంలో జడ, మెడ మొదలు కుప్పెల దాకా మల్లెమొగ్గలు. అదీ బాగున్నది. జడ పక్కన ఇది ఏమి? చెవులు రెండు పట్టుకొని, గొంతుకూర్చొని, నాలుక బయటపెట్టిన ముసలిది!

రాజపాళయంలో సగం ఊరికి గుంజీళ్ళు వేయించిన నాగమ్మాళ్ టీచర్, అద్దంలో తానే గుంజీళ్ళు వేస్తా ఉన్నది!

తప్పు నాదేనంటావా? సరి, కారణం చెబుతాను, విను. అద్దాన్ని పక్కకు తిప్పినది ఎవరు? నువ్వు. జడ మెలిక కనబడలేదని తిప్పినావు. వెలుతురు అద్దానికి ఎంత వంకగా వచ్చి తగులుతుందో అంత వంకగానే తిరిగిపోతుందని ఎనిమిదో క్లాసులో బొమ్మ గీసి చెప్పినది ఎవరు? నేను. ఏండ్ల తరబడి ఆ పాఠం చెప్పి, సరిగ్గా ఆ వంకలోనే పోయి కూర్చున్నాను. నాకు సున్న వెయ్యి.

అసలు నన్ను ఈ స్టూడియోకు పిలిచినది ఎవరు? "అక్కా, ఈ వయసు పిల్లలు కెమెరా ముందర కొయ్య అయిపోతారు. నీ చేతిలో పెరిగినవాళ్ళే కదా, నువ్వు రెండు మాటలు చెబితే సర్దుకుంటారు." నువ్వే అన్నావు. నేనూ పొంగిపోయినాను. రిటైరయి, మనవళ్ళ ముక్కులు తుడుస్తా కూర్చున్నదానికి మళ్ళీ ఒక ఉద్యోగం!

ఏమైంది? నేను తెర తీసి లోపలికి వచ్చేది చూసి ప్రతి పిల్లా లేచి నిలబడి "వణక్కం టీచర్!" అంటుంది. చేతులు కట్టుకుంటుంది. మొన్న ఆ మిల్లు మేస్త్రి కొడుకు, మీసం మొలిచినవాడు, నన్ను చూసి ఊపిరే బిగబట్టినాడు. భయం పోగొట్టడానికి నన్ను పిలవడమంటే, ఎలుకలకు ధైర్యం చెప్పమని పిల్లిని పంపినట్టే.

ఈ పిల్లకూ అన్నీ చేసి చూసినాను. ఊపిరి మెల్లగా తీసుకో అన్నాను. తీసుకున్నది, వదలలేదు. పంతొమ్మిదో ఎక్కం మనసులో చెప్పుకో అన్నాను. పెదవులు కదులుతున్నాయని నువ్వు కెమెరా గుడ్డ లోపలినించి అరిచినావు. పిప్పరమెంటు ఇచ్చినాను. బుగ్గ ఉబ్బింది. చివరకు "నవ్వు! నవ్వమంటున్నానే!" అని గద్దించినాను. ఎవరైనా అట్ల నవ్వుతారా? ఆ పిల్ల అరచెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకున్నది.

ఆ చెయ్యే కదా మన తలనొప్పి.

పై పండ్లు రెండు కొంచెం ముందుకు ఉన్నాయి, అంతే. ఎవరో ఏదో అన్నారు, అప్పటినించి చెయ్యి అడ్డం లేకుండా నవ్వదు. బడిలో తీసిన గ్రూప్ ఫోటోలో ముఖం లేదు, అరచెయ్యి మాత్రం ఉన్నది. వచ్చే వారం మదురై కాలేజీ హాస్టలుకు పోతున్నది. వాళ్ళ అమ్మ ధనం నన్ను పక్కకు పిలిచి ఏమి చెప్పింది తెలుసా? "టీచరమ్మా, చూసుకోవడానికి గోడ మీద పిల్ల ముఖం ఒకటి ఉండనీ. చెయ్యి వద్దు, ముఖం."

ఆ జడ కుట్టడానికి సేత్తూరులో కోడి కూయకముందే కూర్చున్నారంట. పూలు నలగకూడదని బస్సులో సీటు ఉన్నా ఆనుకోలేదు, ఊరినించి ఇక్కడిదాకా పిల్ల నిలబడే వచ్చింది. నువ్వు అద్దం జరిపి, గుడ్డ కప్పుకొని, మళ్ళీ జరిపి ఉండంగా మల్లెలు ఎర్రబడుతున్నాయి. ధనం ఎండలో బయట నిలబడింది, తల్లి ఉంటే పిల్ల ఇంకా బిగుసుకుంటుందని నేనే పంపినాను.

అప్పుడు నాకు రోషం వచ్చింది. "ఇదిగో పిల్లా, నువ్వు చెయ్యి దించకపోతే తప్పు నాది. తప్పు చేసినవాళ్ళకు నా క్లాసులో ఏమి?" అన్నాను. చేతివేళ్ళ సందునించి చూసింది. "తోప్పుకరణం, టీచర్" అన్నది, చీమ గొంతుతో. చెవులు పట్టుకొని వేసేదాన్ని తెలుగులో గుంజీళ్ళు అంటారని, అరవ మాటలు కలపవద్దని, అప్పుడు కూడా సరిదిద్దినాను చూడు! బుద్ధి ఎక్కడికి పోతుంది?

చెవులు పట్టుకున్నాను. కూర్చున్నాను, లేచినాను. మళ్ళీ కూర్చున్నాను. పిల్ల చెయ్యి దిగింది. పండ్లన్నీ కనబడేటట్టు నవ్వింది. నువ్వు కెమెరా రబ్బరు బల్బు నొక్కి, గాజుప్లేటు పట్టుకొని చీకటిగదికి పరుగెత్తినావు. "అక్కా, నీ టెక్నిక్కే టెక్నిక్కు!" అని లోపలినించి మెచ్చుకున్నావు కూడా.

ఫోటో కోసం సాయంత్రం బస్సుకు ధనం మళ్ళీ వస్తుంది. ఆ పటం వాళ్ళ ఇంటి నడవలో పెడుతుంది. సేత్తూరు బస్సులో డ్రైవరు నా శిష్యుడు, కండక్టరు నా శిష్యుడు. చూడటానికి టికెట్టు పెట్టినా వస్తారు. అందుకే గీకమంటున్నాను.

ఏమి? గీకితే జడ కూడా పోతుందా? అంత ఆనుకొని ఉన్నానా?

మళ్ళీ తీస్తావా? పూలు దొరుకుతాయిలే, మల్లెలకేమి కొదవ. ఆ నవ్వు ఏ అంగడిలో కొంటావు? నన్ను మళ్ళీ గుంజీళ్ళు వెయ్యమంటావా?

వేసేదాన్నే తమ్ముడా. కానీ ఒక సంగతి చెప్పలేదు నీకు.

అది టెక్నిక్కు కాదు. రెండోసారి కూర్చున్నాను కదా, అంతే, మోకాలు పట్టేసింది. లేవలేకపోయినాను. ఆ నాలుక పిల్లను నవ్వించడానికి పెట్టింది కాదు, నొప్పికి బయటికి వచ్చింది. "కన్నుసామీ!" అని పిలవాలని నోరు తెరిచినాను, శబ్దం రాలేదు. అది చూసి నవ్వింది పిల్ల. నువ్వు నొక్కినావు, పోయినావు.

నేను నేల మీదనే ఉన్నాను. పిల్ల స్టూలు మీదనించి దుమికి వచ్చింది. జడ ఊగింది, మొగ్గలు నాలుగు రాలినాయి. చంకల కింద చేతులు వేసి లేపింది. "నా మెడ పట్టుకోండి టీచర్, భయపడవద్దండి, ఊపిరి మెల్లగా తీసుకోండి" అన్నది. నా పాఠం నాకే! నా ముఖానికి ఎదురుగా నవ్వుతానే ఉన్నది. రెండు చేతులూ నన్ను పట్టుకొని ఉన్నాయి కదా, నోటికి అడ్డం పెట్టేందుకు ఇంకొక చెయ్యి లేదు.

చూడు, ఆ పండ్లు ఎంత బాగున్నాయో.

ఉండనీ. గీకవద్దు. ధనం అడిగితే చెప్పు, ఆ మూలనున్నది టీచరమ్మే, తప్పు చేసిందని. ఊరు నవ్వితే నవ్వనీ. నవ్వించమనే కదా నన్ను కూర్చోబెట్టినావు.

ఆ కత్తి పక్కన పెట్టి చెయ్యి ఇటివ్వు, నన్ను లేపు. పొద్దున్నించి ఈ స్టూలు మీదనే ఎందుకు కూర్చున్నాను అనుకున్నావు?