సీసాలో స్వెటర్

కూతురు వారం నుంచి బడికి పోనంటే పోనని మొండికేసి కూర్చుంటే, కెమిస్ట్రీ సారే వెతుక్కుంటూ వచ్చి ఆ తల్లి గుమ్మం ఎక్కాడు.

“...కాదు సారూ, నిజం చెప్పండి. తప్పుపనేదైనా చేసిందా?”

“అబ్బే, తప్పా! పాఠమంతా మీ అమ్మాయి వల్లే రక్తికట్టింది.”

“మా దాని వల్లా? ఏం పాఠం?”

“బొగ్గు పాఠమమ్మా. దాన్నిండా కంటికి కనపడని రంధ్రాలు. చెంచాడు బొగ్గులో వాటి గోడలన్నీ విప్పి పరిస్తే మన బడి ఆటస్థలమంత! గాలిలో ఉన్నవన్నీ వచ్చి అందులో అంటుకుపోతాయి.”

“గాలిలో ఏముంటాయి?”

“ఉంటాయిలెండి, అవీ ఇవీ. మీ అమ్మాయి స్వెటర్ తీసుకుని గాజు సీసాలో పెట్టా. క్లాసంతా వరసగా వచ్చి మూత తీసి చూశారు. బొగ్గు వేశా. బడి వదిలేముందు మళ్ళీ చూశారు. ఒకటే నవ్వులు, ఒకటే చప్పట్లు!”

“అంతమందిలో మా దాని స్వెటరేనా?”

“అంటే... ఊలు మంచిది.”

“అది నాదే సారూ! తెల్లారకముందు చేపలు కోసే షెడ్డుకి నేనేసుకెళ్తా. నేను రాగానే అది తొడుక్కుని బడికొస్తుంది. ఇద్దరికీ అదొక్కటే. అయితే నా స్వెటర్‌కన్నమాట చప్పట్లు!”

“అదే... అదే.”

“మరి ఇంటికొచ్చి ఏడ్చిందేం?”

“సంతోషమమ్మా. పిల్లలు కదా. అదలా ఉంచండి, రేపు ఇన్‌స్పెక్టరు వస్తున్నారు. ఆ పాఠమే చూపించాలి. పంపండి, స్వెటర్‌తో. ఉతక్కండి.”

“అయ్యో, పెద్దాయన ముందు మాసిందా?”

“ఉతికితే... ఊలు పాడవుతుంది.”

“పోనీ ఇంకెవరిదైనా మంచిది...”

“చూశానమ్మా. పనికిరావు.”

“విన్నావుటే? తలుపు చాటున నక్కింది చాలు, రా ఇటు! అంత చదువుకున్న సారు మన గుమ్మం తొక్కి అడుగుతుంటే బెట్టు చేస్తావా? అక్షరమ్ముక్క రాని నా కడుపున పుట్టి బడి మొత్తానికి పాఠమయ్యావు, నా తల్లే! చెప్పు, రేపొస్తానని చెప్పు.”

“స్వెటర్ ఉతికేశా సార్. ఇక కంపు కొట్టదు. కంపే కావాలంటే మా అమ్మని తీసుకెళ్ళి సీసాలో పెట్టుకోండి.”