కదలని చెయ్యి

కాదండీ, మీరే చెప్పండి, పాతికేళ్లుగా ఒకే పని చేస్తున్నవాడి మాట నమ్మరా ఎవరైనా? బొద్దింక కరిచిందిరా అంటే మా బావమరిది నవ్వాడు. నవ్వి, "బావా, బొద్దింకలు కరవవని మాకందరికీ చెప్పింది నువ్వే కదా!" అన్నాడు.

ఆగండాగండి, వెళ్లిపొమ్మనకండి. మీరు ఇస్త్రీ చేసుకుంటూనే వినండి. నేనెవరో గుర్తుపట్టారుగా? మీరు పనిచేసిన నర్సింగ్ హోమ్‌కి నెలనెలా వచ్చి బొద్దింకల మందు కొట్టేవాణ్ణి. మందు కొట్టేవాడినంటే జనం ఇంకోలా అనుకుంటారని మీరే ఒకసారి నవ్వారు కూడా, ఆయమ్మా...

ఆయమ్మా అనొద్దా? సరే, అననులెండి. నోటికి అలవాటైపోయింది. ఆ ఉద్యోగం పోయి ఏడాదిన్నర అయిందని నాకు తెలుసు. ఎవరి వల్ల పోయిందో కూడా తెలుసు. తెలియకపోతే ఇంత ఎండలో ఈ సందు వెతుక్కుంటూ ఎందుకొస్తాను?

మా ఆవిడకి పక్షవాతం వచ్చిందండీ. నాలుగు నెలలైంది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, అన్నీ పోయాయి. ఫ్యాన్ వేస్తే ఏడుస్తుంది, ఆపితే ఏడుస్తుంది. ఈ జబ్బులో అలాగే ఉంటుంది, దానికి అర్థాలు వెతక్కండి అన్నాడు డాక్టరు.

పొద్దున్నే ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, పాలు పట్టి, పక్కింటి పిన్నిగారికి అప్పజెప్పి పనికి పోతాను. ఆవిడ మధ్యలో రెండుసార్లు వచ్చి చూసిపోతుంది. వెలుతురు పడితే మా ఆవిడ ఓర్చుకోలేదు, అందుకని గదికి ఎప్పుడూ పరదాలే. పాలు పట్టాక మూతి శుభ్రంగా కడగాలని, వేళ్లకి తీపి అంటుకుని ఉండకూడదని నాకేం తెలుసు?

అవునండీ, మీరు చెప్పారు. ఆ నర్సింగ్ హోమ్ ముసలమ్మగారి వేళ్లు చూపించి, "తిండి వాసనకి వచ్చి కొరుకుతున్నాయమ్మా" అని ఇన్‌ఛార్జి సిస్టరమ్మతో అన్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. కాదని ఎవరన్నారు?

పోయిన వారం ఒక ఆఫీసులో పని తొందరగా అయిపోతే మధ్యాహ్నం మూడింటికే ఇల్లు చేరాను. గదిలోకి వెళ్లి చూద్దును కదా, మా ఆవిడ కుడి చెయ్యి దుప్పటి మీద ఉంది, ఉంగరం వేలి మీద అది కూర్చుని ఉంది. పారిపోలేదండీ! నన్ను చూసి కూడా తాపీగా గోటి పక్క చర్మం కొరుకుతోంది. మా ఆవిడ దాన్నే చూస్తోంది. చెయ్యి తీసుకుందామంటే అది ఆమె మాట వినదు కదా!

పాతికేళ్లు. ఎన్ని వేలని చంపానో నాకే తెలియదు. ఆ ఒక్కదాన్ని ఆవిడ వేలి మీంచి విదిలించి కాలికింద నలిపాను.

మరి ఇంట్లో మందు కొట్టుకోలేదా అంటారు. ఆ వాసన ఆవిడకి పడదండీ. ముందునుంచీ ఆయాసం మనిషి. పెళ్లయిన కొత్తలోనే, "మీ పని గుమ్మం బయటే వదిలేసి రండి" అంది. సరేనని వదిలేశాను. దీపం కింద చీకటి అంటారే, మా ఇంటి సంగతి అదే. ఇప్పుడు మంచం కోళ్ల చుట్టూ, బీరువా వెనకా వాసన లేని మందు పేస్టు చుక్కలు పెట్టాను. అవి పని చెయ్యడానికి రోజులు పడతాయి. ఈలోపే ఆదివారం బావమరిది వచ్చి అక్క వేళ్లు చూశాడు. నాలుగు వేళ్ల కొసలు ఎర్రగా చెక్కుకుపోయి ఉన్నాయి. కింది పెదవి మూల ఒక పుండు.

"ఎవరు చేశారక్కా? బావేనా గిల్లింది?" అని అడిగాడు.

ఆవిడ ఏడ్చింది. ఇంకేం కావాలి వాడికి?

రేపు పొద్దున్నే బండి తీసుకొస్తాడట. అక్కని తీసుకుపోతాడట. చూడ్డానికి కూడా నన్ను గడప తొక్కనివ్వడట. ఇరవై ఏడేళ్ల కాపురమండీ. ఒక్కనాడు చెయ్యి ఎత్తలేదు. అది వాడికీ తెలుసు. తెలిసినా కళ్లకి కనబడింది నమ్ముతాడు గానీ...

అందుకే మీ దగ్గరికొచ్చాను. మీరొక్కసారి వచ్చి చెప్పండి. "నా కళ్లతో చూశాను, మంచానపడ్డవాళ్లని కొరుకుతాయి" అని ఒక్క మాట. ఈ ఊళ్లో ఆ మాట నమ్మే మనిషి మీరొక్కరే.

మీరు చెబితే మాత్రం వాడెందుకు నమ్ముతాడంటారా? ఏమో. నమ్మడేమో. అక్కడా మిమ్మల్ని ఎవరూ నమ్మలేదుగా.

నిన్న సిస్టరమ్మ దగ్గరికి కూడా వెళ్లానండీ. కరుస్తాయని ఒక కాగితం రాసివ్వమని బతిమాలాను. ఆవిడ బీరువాలోంచి ఫైలు తీసి నేను రాసిన కాగితమే నా ముందు పెట్టింది. "బొద్దింకలు మనుషుల్ని కరవవు. ఈ గాట్లు గోళ్లతో గిల్లినవి." కింద నా సంతకం. ఎంత ముచ్చటగా పెట్టానో! "ఇంతకీ అప్పుడు చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా?" అంది. లేచి వచ్చేశాను.

మీ తప్పేం లేదని అక్కడ చెప్పానా అంటారా?

లేదండీ. నోటి దాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది.

ఆవేళ సిస్టరమ్మ గదిలో నేను చేసిన గారడీ గుర్తుందా మీకు? డబ్బాలోంచి ఒక బొద్దింకని తీసి అరచేతిలో వేసుకుని, అటూ ఇటూ పరిగెత్తించి, "చూడండి, ఏం చేస్తోందిది?" అన్నాను. నాకదో సరదా. ఎవరింటికి మందు కొట్టడానికి పోయినా చేసేవాణ్ణి. బావమరిది పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు, బొద్దింకల మాస్టారని పేరు కూడా పెట్టారు. ఆడుతున్న చేతిని అదెందుకు కొరుకుతుందండీ? కదలని చెయ్యి కావాలి దానికి. పాతికేళ్లకి గానీ నాకు...

ఏమన్నారు?

తెలియకే రాశానండీ. ఒట్టు. ఇన్నేళ్లలో నన్నొక్కటీ కరవలేదు, అందుకని రాశాను. మనుషులు తెలియక తప్పులు చెయ్యరా? ... అలా చూడకండి. గుడ్డ మాడుతోంది, ఇస్త్రీ పెట్టె తీయండి ముందు.

తెలిసే రాశాను.

రోగులున్న గదుల్లో మందు కొట్టకూడదండీ. మంచం గోడ నుంచి జరిపి, వెనకాల పేస్టు చుక్కలు పెట్టి, తేదీ వేసి గోడకి చీటీ అంటించి రావాలి. ఆ ముసలమ్మగారి మంచానికేమో ఆ గొట్టాలు, ఆ సీసాలు. జరపాలంటే ఇద్దరు మనుషులు కావాలి, సిస్టరమ్మ చేత మాట పడాలి. వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాను. ఆ పై నెలా అలాగే అనుకున్నాను. నాలుగు నెలలు మంచం జరపకుండానే, పని అయిపోయినట్టు చీటీ అంటించానండీ. బద్ధకమే, ఇంకేం లేదు.

మీరు గొడవ పెట్టాక, చూసి రమ్మని సిస్టరమ్మ నన్నే పంపింది. టార్చిలైటు పట్టుకుని మంచం కిందికి దూరాను. తలవైపు చెక్క వెనక కిక్కిరిసి ఉన్నాయి. ముసలమ్మగారి చెయ్యి మంచం పట్టీ మీంచి కిందికి వేలాడుతోంది, ఒకటి ఆ వేలి కొసని పట్టుకుని ఉంది. చూశాను. బాగా చూశాను. టార్చి ఆర్పేసి, బయటికొచ్చి, మోకాళ్లు దులుపుకుని ఆ కాగితం రాశాను. కరుస్తాయని రాస్తే ఇన్నాళ్లూ మంచం ఎందుకు జరపలేదని నన్నడుగుతారు. గిల్లారని రాస్తే నన్నెవరూ ఏమీ అడగరు.

మిమ్మల్ని పంపించేశాక ఆ ముసలమ్మగారిని కిటికీ ఉన్న గదికి మార్చారు. కొత్త మంచం వేశారు. పది రోజుల్లో వేళ్లు మానాయి. "చూశారా, ఆయమ్మ పోగానే మానాయి" అన్నారు అందరూ. వాళ్లతో పాటు నేనూ అన్నాను.

రేపు మా ఇంట్లోనూ అంతేనండీ. బావమరిది ఇల్లు అద్దంలా ఉంటుంది. ఎప్పుడూ ఎవరో ఒకరు మంచం పక్కనే ఉంటారు. అక్కడ పది రోజులుంటే ఆవిడ వేళ్లు మానతాయి. "చూశారా, బావ దగ్గర్నుంచి తీసుకురాగానే మానాయి" అంటాడు వాడు. ఎందుకనడు? వాడి చోట నేనున్నా అంటాను.

మీరు రారు. తెలిసిందండీ. రమ్మని అడిగే మొహం కూడా కాదు నాది.

పోతూ పోతూ ఇంకొక్క మాట. మీతో తప్ప ఎవరితోనూ అనలేను. ఈ పొద్దున ఆవిడకి మందు రాస్తున్నాను, ఒక్కో వేలూ పట్టుకుని, నొప్పి కలక్కుండా. రాస్తూ రాస్తూ ఏమనుకున్నానో తెలుసా? అక్కడికి వెళ్లాక ఇవి మానకూడదు దేవుడా, అనుకున్నాను. ఒక్క నెలరోజులైనా ఇలాగే ఉంచు, నేను కాదని వాడికి తెలిసేదాకా, అని మొక్కుకున్నాను. చెయ్యి నా చేతిలోనే ఉందండీ అప్పుడు.

రేపు వాడొచ్చి అడిగితే గిల్లలేదంటాను. గిల్లలేదు, అంతవరకే నిజం. అంతకు మించి ఏం చెప్పమంటారు నన్ను?