అడుసులో అత్తా అల్లుడూ

మిలట్రీ చెన్నకేశులని ఒకడు, బెస్తోళ్ళ ఆదెమ్మ మొగుడు. వాడు పనిచేసొచ్చింది ఎక్కడనుకున్నారు? మంచు కొండల్లో. అక్కడ చలికాలమొస్తే చెరువంతా గడ్డకట్టి బండైపోద్దంట. దానిమీద నడిచిపోయి, గడ్డకి బొక్క కొట్టి, అందులోకి గాలమేసి చేపలు పడతారంట. మీరు నవ్వినట్టే ఊరోళ్ళూ నవ్వారు. వాడేమో, "ఊరికే నడుస్తామా? అడుగడుక్కీ గునపంతో పొడిచి మందం చూడాల. పగుళ్ళున్న వైపు పోగూడదు. నున్నగా ఉన్నచోటే అడుగెయ్యాల" అని చెప్పేవాడంట.

వాళ్ళత్త అంకమ్మకీ వాడికీ మాటల్లేవు. తగువేం కాదు, వాళ్ళిళ్ళల్లో అంతే. అత్త అల్లుడి ఎదట కూచోదు, మాట్లాడదు. ఏదన్నా చెప్పాలంటే తలుపు చాటునుంచి, "ఏమే ఆదీ, కూడు చల్లారిపోతందని చెప్పవే మీ ఆయనకి" అంటది. వాడక్కడే కూచొని వింటానే ఉంటాడు. అయినా ఆదెమ్మ మళ్ళీ చెప్పాల. అదీ మర్యాద.

ఆ ఎండాకాలం ఏమైందంటే, చెరువెండిపోయి నడిమధ్యన ఒక్క మడుగు మిగిలింది. దాన్నిండా కొరమేనులు. ఊరంతా బుట్టలతో గట్టుమీద చేరారు. మడుగుకి పోవాలంటే ఎండిన అడుసు దాటాల. అంకమ్మ వెదురుగడతో పొడిచి చూసిందాకా ఎవరూ దిగరు, అది ఆనవాయితీ. ఆ ఏడు చెన్నకేశులు "నేను చూడని చెరువా" అని గడ లాక్కొని ముందు తనే దిగాడంట. గట్టు పక్కన పొడిచాడు, గట్టిగానే ఉంది. ఇంక పొడవడమే మానేశాడు. కొంచెం పోయాక ఒకపక్క అన్నీ నెర్రెలు, ఒకపక్క నున్నగా అద్దంలా ఉంది. వాడు నున్నటి పక్కకి తిరిగాడు. మంచుకది సరే, అడుసు సంగతి వేరు కదా! నెర్రె లోతుగా పడిందంటే కిందాకా ఎండిందని. నున్నగా ఉందంటే పాలమీద మీగడే, కిందంతా పచ్చి. గట్టుమీంచి అంకమ్మ, "ఏమే ఆదీ, నెర్రెలమీద నడవమని చెప్పవే!" అని అరిచింది. ఆదెమ్మ ఎక్కడో దూరంగా ఉంది, "ఏందమ్మా?" అంది. అంతలోకే వాడు నడుముదాకా దిగిపోయాడు.

"నా బిడ్డ కాపరం!" అని అంకమ్మ ఉన్నపళాన ఉరికింది. ఆ కంగార్లో నెర్రెలూ చూసుకోలా, ఏమీ చూసుకోలా. ఆమే దిగబడింది. గుంజుకునేకొద్దీ లోపలికి పోతంది. జనం రాబోతే, "ఎవరూ రావద్దు, అందరం పోతాం!" అని చెన్నకేశులు కేకేశాడు. వాడేం చేశాడు, మంచులో నేర్చిన ఉపాయం, వెనక్కి వాలి చేతులు చాపి పడుకున్నాడు. కాళ్ళు మెల్లంగా ఊడదీసుకొని, గడ వదలకుండా వచ్చిన దారినే దొర్లుకుంటా నెర్రెల మీదికొచ్చాడు. "అత్తా, నువ్వూ వెల్లకిలా పడుకో!" అంటే, రొమ్ముదాకా అడుసులో ఉండి ఆ మహాతల్లి ఏమందో తెలుసా? "ఏమే ఆదీ, అల్లుడి ఎదట కూచోనిదాన్ని, పడుకుంటానా అని అడగవే!" అందంట. వాడికి ఏడుపొకటే తక్కువ. "ఏమే ఆదీ, నేను కళ్ళు మూసుకున్నానని చెప్పవే మీ అమ్మకి!" అన్నాడు. నిజంగానే మూసుకున్నాడు. అప్పుడు పడుకుంది. వాడు బోర్లా పడుకొని గడ చాపాడు. కళ్ళు మూసుకున్నోడికి ఏం తెలుస్తది, గడ అటు పోతంది, ఇటు పోతంది. ఆదెమ్మకేమో గట్టుమీంచి ఏడుపు తప్ప మాట రావట్లా. ఇంక అంకమ్మే, "ఇటు నాయనా, ఇటు! కుడిపక్కకి, అల్లుడా!" అంది. అదే మొదటి మాట. గడ చేతికందింది.

ఆ రోజు కొరమేను పులుసు ముగ్గురూ ఒకచోటే కూచొని తిన్నారంట. అప్పట్నించీ ఏటా అంకమ్మ గడ పొడుస్తది, దిగబడితే ఎట్టా పడుకోవాలో చెన్నకేశులు గట్టుమీద అందరికీ నేర్పుతాడు. మళ్ళీ ఒక్కరికీ ప్రాణం మీదికి రాలేదు ఆ చెరువులో. ఇంక మాటలంటారా, పొద్దున లేచిందగ్గర్నించీ "అల్లుడా ఇది, అల్లుడా అది" అని ఆమె నోరు మూతపడదు. చెన్నకేశులు చూసీ చూసీ, "ఏమే ఆదీ, కాసేపు ఆగమని చెప్పవే మీ అమ్మకి" అంటాడంట. ఆదెమ్మ ఒక్కనాడు చెప్తే ఒట్టు.