ఉత్త మగ్గం

వేములవాడ దగ్గర ఒక సాలెవాళ్ల ఇల్లు, 1957. లోపలి అర్రలో సిద్దిరాములు మగ్గం నేస్తున్నాడు. వాకిట్లో అతని భార్య బాలలక్ష్మి రాట్నం మీద మగ్గానికి కావలసిన నూలు కండెలు చుడుతోంది. పక్కన అత్త లింగవ్వ.

"నువ్వు చెప్పకున్నా నాకెరికే పిల్లా. నీ కొడుకు రాజేశం పొద్దుగాల సంది వంగి కాళ్ల సందుల నుంచి సూస్తుండు. ఎనుక తమ్ముడో చెల్లెనో వస్తుంటెనే పోరగాండ్లు గట్ల సూస్తరు."

"వాడు ఆడుకుంటుండు అత్తా."

"మరి మొన్న పడుగుకు గంజి వెడుతుంటె ముక్కు మూసుకొని ఉరికితివి. గదీ ఆటనేనా?"

"గంజి పులిసింది."

"సాలోళ్ల ఇంట్ల పుట్టి సాలోళ్ల ఇంటికి వచ్చినవ్. పులవని గంజి ఎన్నడన్న సూసినవా? అడ్డం మాట్లాడకు. ఎన్ని నెలలు?"

"మెల్లగ. ఆయినకు ఇనవడతది."

"మగ్గం ఆడంగ వానికి పిడుగు వడ్డా ఇనవడదు. చెప్పు."

"మూడు నిండినయ్."

"మూడా? మూడు నెలల సంది నా కండ్ల ముంగట తిరుగుకుంట ఒక్క మాట... నా బంగారమే. వేములవాడ రాజన్న సల్లగ సూసిండు. ఆగు, నోరు తీపి చేస్త. బెల్లం ఏడ వెట్టిన..."

"అత్తా, మగ్గం ఆగింది."

"ఆఁ. అయితె పిల్లా, అనపకాయ పప్పుల ఏద్దామా, పులుసు వెడదామా?"

"పులుసే మంచిగుంటది."

"అవ్వా, ఏందో బెల్లం అంటున్నవ్?"

"పులుసుల కొడకా. పులుసుల జరంత బెల్లం. నువ్వు నెయ్యి."

"ఊఁ."

"ఆడింది మగ్గం. ఇగ చెప్పు పిల్లా. వానికెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె అత్తా? రాజేశం కడుపుల వడ్డప్పుడు సంగతి మరిశినవా? ఎన్నేండ్లకో నిలిచిన కడుపు. అయిదో నెల్ల నెత్తురు కనవడె. మంచం దిగొద్దంటె దిగకపోతి. కాన్పు నాడు ఎడ్లబండిల కరీంనగర్ దవాఖానకు తీస్కపోతే, తల్లిని కాపాడాల్నా బిడ్డను కాపాడాల్నా అని డాక్టరమ్మ అడిగె. ఆయిన మెట్ల మీదనే కూలవడ్డడు."

"యాదికున్నది. నేనే లేవట్టిన."

"గా దినం సంది అదే మాట. ఒక్కడు చాలు, మల్ల నిన్ను గా దవాఖాన బల్ల మీదికి పంప అంటడు. ఇప్పుడు చెప్తె నిద్ర వోతడా? అన్నం తింటడా? పరేషాన్ అయితడు."

"మరి నీకు భయం లేదా?"

"ఉన్నది. నిన్న రాజేశానికి తలకు పోసుకుంట, నేను లేకపోతె వీనికి ఎవలు పోస్తరు అనుకున్న. ఏడుపొచ్చింది. అయినా కావాలె అత్తా. భయమున్నా కావాలె."

"కావాల్నంటె ఉండనీ. నేను లేనా?"

"గొడ్రాలని నన్ను పేరంటానికి పిలువనోళ్లు ఉన్నరు సూడు, గా గల్లీల నుంచి ఈసారి పెద్ద కడుపేసుకొని నడుస్త."

"నడువు. నీ ముంగట నేను డప్పు కొట్టుకుంట వస్త."

"నవ్వియ్యకు అత్తా, దారం తెగుతది."

"తెగనీ. డాక్టరమ్మకు సూపిచ్చుకున్నవా?"

"మొన్న మా అవ్వగారింటికని చెప్పి పోయిన గద. కరీంనగర్ల దిగిన. అంత మంచిగనే ఉన్నదన్నది. కాని రాట్నం బందు వెట్టి పండుకోవాల్నట, పోయినసారి లెక్క కావద్దంటె."

"మరి ఇంకా తిప్పుతున్నవేందే? లే."

"లేస్తె కండెలు ఎవలు సుట్టాలె? నీకు పోగు కనవడదాయె. రాట్నం ఆగిందంటె ఆయిన ఎందుకని అడుగుతడు. అడిగితె చెప్పాలె..."

"మగ్గం."

"ఆఁ... చింతపండు నానవెట్టిన అత్తా."

"అవ్వా, ఎవలు పండుకోవాలె?"

"రాజేశం కొడకా. పగటీలి జర పండుకోవాలె అంటున్న."

"ఇంకా అనపకాయ దగ్గర్నే ఉన్నరనుకున్న."

"అది ఉడికేది ఉడుకుతది. నువ్వు నెయ్యరా."

"నేస్తున్న, నేస్తున్న."

"వీనికి గివ్వాళ చెవులు పెరిగినయ్. ఇను పిల్లా, నా మాట ఇను. రాజన్నకు కోడెను కట్టేసే మొక్కు ఒకటి ఉన్నదని చెప్పి గుడికి తీస్కపోదాం. గుడిల చెప్పు. గుడిల వాడు కోపం చెయ్యడు."

"కోపం ఏడ చేస్తడు. ఏడుస్తడు."

"ఏడువనీ. గుండు కొట్టిచ్చుకునేటోళ్ల నడుమ ఎవలు సూస్తరు? నాకు అదిగాదు ఫికర్. వాడు వద్దంటె ఏం చేస్తవ్?"

"వద్దంటె... తెల్వదు అత్తా. గదే నా భయం. దవాఖాన భయం ఒకెత్తు, ఆయిన మొకం సూసుడు ఒకెత్తు."

"సరే, కండ్లు తుడుసుకో. మగ్గం సూడు ఎంత జోరుగ ఆడుతుందో. గిట్ల నేస్తె పొద్దుమీకేవరకు చీర దిగుతది."

"అత్తా."

"ఏందే?"

"కండెలు."

"సుట్టు మరి."

"సుట్టిన కండెలన్ని గీ బుట్టల్నే ఉన్నయ్. ముచ్చట్ల వడి నేను ఒక్కటి గూడ లోపలికి ఇయ్యలే."

"ఇయ్యకపోతె వాడు దేంతోని నేస్తుండు?"

"నెయ్యుడే లేదు. ఇను, కండెను మోసే నాడె ఉరికే సప్పుడు లేదు. ఉత్తగ తొక్కుతుండు, గంతే. ఉత్త మగ్గం ఆడిస్తుండు."

"వానికేం పుట్టింది?"

"మగ్గం ఆగినప్పుడల్ల మనం అనపకాయ కాడికి పోతున్నం గదా అత్తా."

"ఓరి దొంగ కొడుక. సిద్దిరాములూ, ఎప్పటి సంది ఇంటున్నవురా?"

"బెల్లం కాడి నుంచి అవ్వా. నాడెల కండె అయిపోతె అడుగుదామని ఆగిన."

"మరి అడగకపోతివి?"

"అడిగితె మీరు మల్ల కూరగాయలల్ల వడుదురు."

"అంతా ఇన్నవా?"

"ఇన్న."

"భయమైతుందారా?"

"అయితుందే. కాళ్లు వణుకుతున్నయ్. తొక్కుకుంట కూసుంటె కనవడదని తొక్కుతున్న."

"మరి ఏమంటవ్? గా పిల్ల నీ మాట కోసం సూస్తుంది."

"ఏమంట అవ్వా. భయమున్నా కావాలె అన్నది గద. నాగ్గూడ గంతే. గామెను పోయి పండుకొమ్మను. గా రాట్నం ఇటు నూకు, కండెలు నేను సుట్టుకుంట."