కోటమ్మ నీళ్లుపోయడం మానేసిన రోజు

ఆగాగు చంద్రికా, గీజరు నీళ్లు ముందు పట్టకు. చన్నీళ్లు సగం బకెట్ పట్టి, ఆ తర్వాత వేణ్ణీళ్లు వదులు. బాగా కలిపి మోచెయ్యి ముంచి చూడు. ఈలోపు పిల్లదాన్ని నాకివ్వు. ఎవరు నేర్పారంటావా? కోటమ్మని ఒకావిడుండేదిలే, నువ్వు పుట్టకముందే పోయింది. అంగలకుదురు నుంచి నడిచొచ్చేది. ఇక్కడ తెనాల్లో మా వీధి పసిపిల్లలందరికీ ఆవిడే నీళ్లు పోసేది, పొద్దున్నే ఏడిళ్లు. పీట మీద కూర్చుని కాళ్లు బారజాపి, మొదటి చెంబు తన పిక్కల మీద పోసుకునేది, వేడి చూడ్డానికి. ఆ తర్వాతే పిల్లని కాళ్ల మీద పడుకోబెట్టుకునేది. మా అత్తగారు పక్కన నిలబడి, "మాడు మీద ఇంకో చెంబు పొయ్యవే" అంటే, "మీరు లోపలికెళ్లండమ్మగారూ, మీ గొంతుకి పిల్ల ఉలిక్కిపడుతోంది" అనేది. మా అత్తగారిని అంత మాటన్న మనిషి ఇంకోళ్లు లేరు, మీ తాతయ్యతో సహా.

ఏం చెప్తున్నాను? ఆ, మీ అమ్మ. మేధ అప్పటికి నెల పిల్ల. నీళ్లు కాచి, చన్నీళ్లు కలిపి పెట్టడం నా పని. ఆ రోజు పాలవాడొచ్చాడో ఏంటో, కాగిన నీళ్లు గంగాళంలో పోసి, అట్టాగే వదిలేసి వెళ్లాను. తప్పు నాదే, దాచేదేముంది. కోటమ్మ చూసుకుంటుందిగా అని ధీమా. ఆవిడ ఎప్పట్లాగే పిక్కల మీద చెంబుడు పోసుకుంది. ఉలకలేదు, పలకలేదు. పిల్లని పడుకోబెట్టుకుని రెండో చెంబు ఎత్తింది. ఎత్తి, ఆగిపోయింది. తన కాళ్ల వంకే చూస్తోంది. ఎర్రగా కందిపోయాయి. చెంబు పక్కకి వంపేసి, పిల్లని నా చేతికిచ్చి, గంగాళంలో మోచెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. "కాళ్లకి తెలీడం లేదమ్మా" అంది, బస్సు వెళ్లిపోయిందమ్మా అన్నట్టు. షుగరని ఆ తర్వాతెప్పుడో తేలింది.

కాళ్ల మీద చన్నీళ్లు పోసుకుంటూ చాలాసేపు కూర్చుంది. ఆ తర్వాత లేచి, మిగతా ఆరిళ్లకీ వెళ్లి, ఇట్టా జరిగింది, రేపట్నించి నేను పొయ్యను, ఇట్టా మోచెయ్యి పెట్టి చూసుకుని మీరే పోసుకోండి అని తనే చెప్పొచ్చింది. ఆవిడకి ఇంకో పని తెలీదు. అంతకుముందు మా గుమ్మంలోనే చెప్పాను నేను, "ఎవరికీ చెప్పకు కోటమ్మా, నేనూ చెప్పను, జాగ్రత్తగా చూసుకుని పోస్తూండు" అని. మంచి చేస్తున్నాననే అనుకున్నా.

"మీ పిల్లకి తప్పింది కాబట్టి అంటున్నారమ్మా ఆ మాట" అంది. కోపంగా కూడా కాదు.

ఆ సున్నిపిండి డబ్బా ఇటివ్వు.