రెండంగుళాలు తెగిన టేపు

ఇంతకుముందు నేనేదీ రాసినదాన్ని కాదమ్మలూ. ఐదో తరగతితోనే పలక వదిలేశాను. మీ బడిలో ‘మా ఇంట్లో లెక్కలొచ్చిన మనిషి’ అని రాసుకురమ్మన్నారనీ, నానమ్మ గురించి చెప్పమనీ ప్రాణం తీస్తున్నావు కాబట్టి రాస్తున్నా. మీ నానమ్మకి సంతకం రాదు, అంకెలు మాత్రం గుర్తుపట్టేది. నవ్వకు. ఆవిడ బట్టలు కుట్టే టేపుకి మొదటి రెండంగుళాలు తెగిపోయి ఉండేవి. టేపు ఎంత చూపిస్తే అందులోంచి రెండు తీసేసి చెప్పేది. ఏంటీ, కొత్తది కొనొచ్చుగా అంటావా? మీ నాన్న కొనిచ్చాడు కూడా. ‘నా చెయ్యి దీనికే అలవాటు పడిందిరా’ అని కొత్తదాన్ని మేకుకి తగిలించేసింది.

నేను కాపరానికొచ్చిన కొత్తల్లో, హైస్కూలు వార్షికోత్సవానికి నలభై మంది ఆడపిల్లలకి స్కర్టులు కుట్టమన్నారు. కత్తిరించడం నేను, కుట్టడం మా అత్తయ్య, అదే మీ నానమ్మ. బట్ట సరిగ్గా కొలిచి ఇచ్చారు, పాడైతే మళ్ళీ దొరకదు. లెక్కల సారు వచ్చి, ‘కొలతలు మా పదో తరగతి వాళ్ళే తీస్తారమ్మా, అందరూ తొంభై మార్కులు దాటినవాళ్ళే’ అని ఆ తెగిన టేపే పట్టుకెళ్ళారు. ‘రెండు తీసెయ్యండి బాబూ’ అని అత్తయ్య వీధిలోకి వెళ్ళి మరీ చెప్పింది. తీశారు. కొలిచిన పిల్ల తీసింది, రాసిన పిల్ల తీసింది, సారు దిద్దుతూ ఇంకో రెండు తీశారు. కింద ఎర్రసిరాతో ‘సరిచూశాను’ అని సంతకం. ఆ కాగితం తెచ్చిన పిల్ల బొద్దుగా, గుమ్మం నిండా నిలబడింది. దాని నడుము కాగితంలో ఇరవైనాలుగు! ఈనెపుల్లలా ఉన్న నాకే అప్పుడు ఇరవైఐదు. కళ్ళు వద్దంటూనే ఉన్నాయి. పదో తరగతి వాళ్ళ లెక్క తప్పనడానికి నేనెవరు అనుకుని ఆ పిల్ల స్కర్టుకే ముందు కత్తెర ఆడించేశాను.

అత్తయ్య ఆ ముక్క ఎత్తి చూసి, ‘ఇదెవరికే, బొమ్మకా?’ అంది. ఏడుపొచ్చేసింది. ‘నీకు అనుమానం రాలేదూ?’ ‘వచ్చిందత్తయ్యా.’ ‘మరి?’ ‘వాళ్ళు చదువుకున్నవాళ్ళు కదా అని...’ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ‘దీనికి నేను అతుకేస్తాలే. రేపు బడికెళ్ళి నువ్వే కొలిచిరా’ అంది. ఐదో తరగతి తర్వాత ఏ బడి గుమ్మమూ తొక్కలేదు నేను. అయినా మర్నాడు పొద్దున్నే ఆ తెగిన టేపే మెడలో వేసుకుని వెళ్ళాను. నలభై మందినీ కొలిచాను. రెండు తీసి పైకి చెప్పాను. సారు కలం పట్టుకుని మళ్ళీ తీయబోతుంటే, ‘తీసేశానండీ, రాసుకోండి’ అన్నాను. రాసుకున్నారు.