మన భాషలో రాసిన నాలుగు ముక్కలు

సెలవులకు ఏ దేశం పోవాలా అని భార్య బల్ల మీద మ్యాపు పరిచింది. భర్త చూపు మాత్రం ఒక్క దీవిని తప్పించుకుని తిరుగుతోంది.

“మళ్లీ ఆ దీవికే పోదామండీ. మూడుసార్లు వెళ్లినా తనివి తీరలేదు.”

“చూసిందే ఎన్నిసార్లు చూస్తాం? ఈసారి కొండలకు పోదాం.”

“అక్కడ మనం దిగిన హోటల్ నడిపే పెద్దావిడ నన్ను సొంత కూతురిలా చూసుకుంది. జ్వరమొస్తే రెండు రోజులు మంచం దిగనివ్వలేదు.”

“కాదన్నానా?”

“మరి నెట్‌లో అలా రాశారేం? గదులు కంపు, ముసలిది పిసినారి అని.”

అతను తాగుతున్న నీళ్ల గ్లాసు కింద పెట్టాడు.

“వేణ్ణీళ్లు రాలేదని ఆ పూట ఒళ్లు మండింది. మన భాషలోనేగా, అక్కడెవరు చదువుతారులే అనుకున్నాను. నీకెవరు చెప్పారు?”

“ఆవిడే నాకు పంపింది. మీ భాషలో ఎవరో రాశారు, ఏముందో చెప్పమ్మా అని. అందులో వేణ్ణీళ్ల గొడవ చదవగానే మీరేనని తెలిసిపోయింది.”

“చెప్పేశావా?”

“నోరు రాలేదు. పుట్టింటికి వచ్చినట్టుందని రాశారన్నాను.”

“బతికించావు. ఇప్పుడే తీసేస్తాను.”

“నెట్‌లోంచి తీస్తారు, సరే. ఆవిడ మురిసిపోయి దాన్ని అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి, గుమ్మానికి ఎదురుగా తగిలించుకుంది. గోడ మీంచి ఎలా తీస్తారు?”

అతను మ్యాపు మీద ఆ దీవిని వెతికి వేలు పెట్టాడు.

“దీవికే టికెట్లు తియ్యి,” అన్నాడు తలెత్తకుండా.